పోర్షే 981 కేమన్ చూడ్డానికి వెళ్తున్నాం, ఏమేం పట్టి చూడాలి? (బెంగళూరు)

సర్జాపూర్ సుబ్బు
2014 కేమన్, 2.7 ఇంజిన్, పీడీకే (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్, కేఏ నంబరు, రెండో ఓనర్. మీటర్ మీద 26,400 కిలోమీటర్లు. అమ్మేది ఓనరే, మధ్యలో కన్సల్టెన్సీ లేదు. బండి కోరమంగలలో ఉంది, ఆదివారం పొద్దున రమ్మన్నారు. షోరూమ్ బిల్లులు 2019 దాకా ఉన్నాయట, ఆ తర్వాత బయట షెడ్డులో సర్వీసింగ్. ఒళ్లంతా పీపీఎఫ్ (పెయింట్ మీద వేసే పారదర్శక ఫిల్మ్) వేయించారు. మామూలు కార్లయితే బానెట్ ఎత్తి చూస్తాం. దీని ఇంజిన్ కంటికే కనపడదు కదా, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫ్లాట్‌సిక్స్
శనివారం రాత్రే ఫోన్ చేసి, "మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని చెప్పు సుబ్బూ. సగం పని ఇక్కడే అయిపోతుంది. వెళ్లగానే సైలెన్సర్ చివర మీద చేతి వెనక వైపు ఆనించి చూడు, చల్లగా ఉండాలి. తర్వాత స్టార్ట్ చెయ్యకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి టెంపరేచర్ చూడు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఇంజిన్ అరవై డిగ్రీలు చూపిస్తోందంటే మీరు వచ్చే ముందే ఎవరో వేడి చేసి పెట్టారన్నమాట. మర్యాదగా ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చెయ్.

ఇప్పుడు స్టార్ట్ చెయ్యి. వెనక నిలబడటానికి తోడు ఒకళ్లు ఉండాలి. ఈ ఇంజిన్లో సిలిండర్లు పడుకుని ఉంటాయి కాబట్టి బండి నిలబడ్డప్పుడు కాస్త ఆయిల్ లోపలికి జారుతుంది. స్టార్ట్ కాగానే ఒక్క బుస్సుమని పొగ వచ్చి ఆగిపోతే దిగులు పడక్కర్లేదు. తెల్లపొగ చిక్కగా, నిమిషం దాటినా వస్తూనే ఉంటే ఆయిల్ సెపరేటర్ (ఇంజిన్ గాలిలోంచి ఆయిల్‌ని వేరుచేసేది) పోయినట్టు. నిర్ధారణకి ఇంకో పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా వెనక డిక్కీలో ఉన్న ఆయిల్ మూత తిప్పి ఎత్తు. కొంచెం లాగడం సహజం. రెండు చేతులతో పీకినా రానంత గట్టిగా లోపలికి పట్టేసుకుంటే సెపరేటర్ లోపలి పొర చిరిగింది.

ఆయిల్ మూత పక్కనే కూలంట్ మూత ఉంటుంది. ఆ చుట్టూ కార్పెట్ తడిమి వాసన చూడు. తియ్యటి వాసన, గులాబీ రంగు పొడి మరక ఉన్నాయంటే ఎక్కడో కూలంట్ కారుతోంది.

నెల్లూరు నవీన్
ఐఎమ్ఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపలి మధ్య షాఫ్టుది) పోతుంది, పోతే ఇంజిన్ మొత్తం పోతుంది అంటారు కదన్నా? దాన్నెట్టా చూడాల?

ఫ్లాట్‌సిక్స్
నవీన్, అది 2008 దాకా వచ్చిన 987ల (981కి ముందు మోడల్) గొడవ. 2009లో కొత్త ఇంజిన్ వచ్చాక ఆ షాఫ్టే లేదు. 981లో దాని గురించి అడిగితే అమ్మేవాడు నవ్వుతాడు. సిలిండర్ గోడల గీతలు కూడా పాత 3.4 ఇంజిన్‌లోనే ఎక్కువ. దీనిలో అరుదే గానీ, ఇంజిన్ బాగా వేడెక్కాక ఒకే వైపు నుంచి టిక్ టిక్ వినిపించి, ఆ వైపు సైలెన్సర్లో మసి కూడా ఎక్కువగా ఉంటే మాత్రం ప్లగ్గులు విప్పించి కెమెరా పెట్టించాలి. ఎలాగూ విప్పుతారు కాబట్టి ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్స్ కూడా చూడమను. వేడికి వాటి ప్లాస్టిక్ చిట్లుతుంది, వర్షాకాలంలో మిస్‌ఫైర్ మొదలవుతుంది.

హెబ్బాళ రెడ్‌లైన్
మీటర్‌ని నమ్మకు, ఇంజిన్ గంటలు అడుగు. ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్లో) లెక్క ఉంటుంది. పోర్షే సెంటర్ వాళ్ల పైవిస్ స్కానర్‌లో గానీ, బయటి షెడ్డుల్లో ఉండే డ్యూరామెట్రిక్‌లో గానీ చదవొచ్చు. కిలోమీటర్లను ఆ గంటలతో భాగిస్తే జీవితకాలపు సగటు స్పీడు వస్తుంది.

నీ బండికే లెక్క వేద్దాం. 26,400 కిలోమీటర్లకు గంటలు 1,300 ఉంటే సగటు 20. బెంగళూరు ట్రాఫిక్‌లో తిరిగిన బండికి అది సబబే. 750 ఉంటే సగటు 35, అంటే పొద్దున్నే నంది హిల్స్ వైపు, నైస్ రోడ్డు మీద తిరిగిన బండి. 2,600 గంటలు కనిపిస్తే సగటు 10కి పడిపోతుంది. సిల్క్ బోర్డు దగ్గర కాపురం పెట్టినా అంత తక్కువ రాదు. మీటర్ వెనక్కి తిప్పారు. ఓనర్ చెప్పే మాటకి కూడా ఈ అంకె సరిపోవాలి. "వీకెండ్ హైవే మీదే తీస్తామండీ" అన్నవాడి బండికి సగటు 16 వస్తే ఎక్కడో తేడా ఉంది.

అదే రిపోర్టులో ఓవర్‌రెవ్ (ఇంజిన్ హద్దు దాకా, హద్దు మీరి తిరిగిన లెక్క) పట్టిక ఉంటుంది, ఆరు గడులు. చాలామంది మొదటి గడిలో మూడు వేలు, నాలుగు వేలు చూసి హడలిపోతారు. అవి ఇగ్నిషన్ల లెక్క, ఎన్నిసార్లు అన్న లెక్క కాదు. ఆరు సిలిండర్ల ఇంజిన్ ఒక్క చుట్టుకి మూడుసార్లు మండుతుంది. 7,800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి 390. అంటే 3,900 అనే అంకెకి అర్థం, ఇన్నేళ్లలో మొత్తం కలిపి పది సెకన్లు ఆ హద్దు, అంటే రెడ్‌లైన్ తాకిందని. స్పోర్ట్స్ కారు ఆమాత్రం తాకకపోతే ఎందుకు కొన్నట్టు! 4, 5, 6 గడులు మాత్రం ఖాళీగా ఉండాలి. అవి నిండేది మాన్యువల్ బండిలో ఐదు నుంచి నాలుగు బదులు రెండులో వేసినప్పుడు. పీడీకే అలాంటి గేర్ ఒప్పుకోదు కాబట్టి, నీ బండిలో అక్కడ అంకెలు కనిపిస్తే కథ వేరే ఉంది. పక్కన ఆఖరిసారి ఏ గంట దగ్గర జరిగిందో కూడా రాసి ఉంటుంది, అదీ చూడు.

సర్జాపూర్ సుబ్బు
ఇది బంగారం లాంటి మాట రెడ్‌లైన్ అన్నా. పీపీఎఫ్ ఉంటే పెయింట్ మీటర్ పనికిరాదంటున్నారు, నిజమేనా?

అడయార్ టింకరింగ్
పనికొస్తుంది సుబ్బు గారూ, చదవడం తెలియాలి. కంపెనీ పెయింట్ సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్లు. ఫిల్మ్ మందం దాదాపు 150 నుంచి 200. రెండూ కలిపి 250 నుంచి 350 మధ్య వస్తే భయం లేదు. బండి చుట్టూ 290, 300, 285 అని వస్తూ, వెనక ఎడమ ఫెండర్ ఒక్కటే 480 కొట్టిందనుకోండి, ఫిల్మ్ కింద పుట్టీ ఉంది. కొందరు రీపెయింట్ దాచడానికే ఫిల్మ్ వేయిస్తారు. అందుకని ఫిల్మ్ చేరని చోట్ల కొలవండి: డోర్ తెరిచాక కనిపించే పిల్లర్, డోర్ లోపలి అంచు, వెనక డిక్కీ తలుపు కింది పెదవి. అక్కడ వందకి అటూ ఇటూ ఉండాలి.

అయస్కాంతం పట్టుకుపోకండి. 981 డోర్లు, బానెట్, డిక్కీ తలుపు అల్యూమినియం. అంటుకోకపోతే పుట్టీ అనుకుని కంగారు పడతారు. మీటర్ కూడా అల్యూమినియం మీద చదివేదై ఉండాలి. ఇనుము మీద మాత్రమే పనిచేసే చౌక రకం డోర్ల మీద గుడ్డిది.

ముందు బానెట్ ఎత్తితే లోపలి వైపు తెల్ల స్టిక్కర్ ఉంటుంది. దాని మీద చాసిస్ నంబరు, ఆప్షన్ కోడ్లు ఉంటాయి. అది లేదంటే బానెట్ మారింది, లేదా దాన్ని విప్పి పెయింట్ చేశారు. ఫెండర్ బోల్టుల తలల మీద రెంచ్ పట్టిన గీతలు చూడండి. హెడ్‌లైట్లకి, అద్దాలకి తయారీ గుర్తులుంటాయి. ఐదు అద్దాలు 2014వీ, ఒకటి 2020ది అయితే ఎందుకు మారిందో అడగండి. విండ్‌షీల్డ్ అయితే వదిలేయండి, రాయి తగిలి పగలడం మామూలే.

వేళచ్చేరి వరద
నీళ్లలో మునిగిన బండేమో చూడండి. చెన్నైలో 2015 డిసెంబరు, 2023 డిసెంబరు మిచాంగ్ తుఫాను, మీ దగ్గర 2022 సెప్టెంబరులో బెళ్లందూరు, సర్జాపూర్ రోడ్డు. ఆ నెలల తర్వాత చేతులు మారిన బండిని రెండుసార్లు చూడాలి.

సీటు బెల్టుని ఆఖరిదాకా లాగండి. కడిగేవాళ్లు బయట కనిపించేంత వరకే కడుగుతారు, చుట్టలో ఉన్న చివరి జానెడు ముక్క మీద మట్టి గీత అలాగే ఉంటుంది. సీటుని పూర్తిగా వెనక్కి జరిపి పట్టాల బోల్టులు చూడండి. అక్కడ తుప్పు రావడానికి మామూలుగా కారణమే ఉండదు. కార్పెట్ కింద స్పాంజ్ నొక్కితే చెమ్మ తగలకూడదు. సీటు కింద కనెక్టర్ ఒకటి విప్పి చూస్తే పిన్నుల మీద పచ్చని పూత ఉందా లేదా తెలుస్తుంది. ఈ బండికి గాలి పీల్చే దారి డోర్ వెనక పక్క జాలీ నుంచి, కాస్త ఎత్తులో ఉంటుంది. అందువల్ల మోకాలి లోతు నీళ్లకి ఇంజిన్ బతికిపోవచ్చు, వైరింగ్ మాత్రం నానుతుంది. ఏడాది తర్వాత ఒక్కో లైటు వెలగడం మొదలవుతుంది.

హెబ్బాళ రెడ్‌లైన్
లిఫ్ట్ ఎక్కించకుండా మాత్రం టోకెన్ ఇవ్వకు. కింది ప్లాస్టిక్ షీట్లు విప్పాలి. "అవి విప్పితే క్లిప్పులు విరుగుతాయి సార్" అంటారు, విరిగిన క్లిప్పుల డబ్బు నువ్వే ఇస్తానను. ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోట చెమ్మ ఉంటే ఓకే, బొట్టు వేలాడుతుంటే సీల్ పోయింది. దానికి గేర్‌బాక్స్ దింపాలి. వాటర్ పంప్ చుట్టూ గులాబీ చారలు వెతుకు. జాకీ పెట్టే చోట్లు నలిగి ఉన్నాయా, స్పీడ్ బ్రేకర్లకి ముందు అంచు ఎంత అరిగింది అన్నవి కూడా అక్కడే కనిపిస్తాయి.

ముందు బంపర్ రెండు పక్కల జాలీల్లోకి టార్చ్ కొట్టు. రేడియేటర్లు, ఏసీ కండెన్సర్లు అక్కడే. ఎండుటాకులు దట్టంగా పేరుకుని, తడిసి, కండెన్సర్ రెక్కల్ని తినేస్తాయి. ఈసీఆర్ (సముద్రతీర రోడ్డు) పక్కన ఉప్పుగాలిలో పెరిగిన చెన్నై బళ్లకి ఇది ఇంకా తొందరగా వస్తుంది. ఏసీ కూలింగ్ బాగాలేదంటే "గ్యాస్ నింపితే చాలు" అని వినిపిస్తుంది. నింపిన గ్యాస్ నెలకల్లా పోతుంది.

చక్రం లోపలి అంచుని చేత్తో తడుము. వెనక టైర్లు లోపలి వైపే ఎక్కువ అరుగుతాయి, బయటినుంచి చూస్తే కొత్తవాటిలా ఉంటాయి. టైర్ మీద నాలుగంకెల కోడ్ 2319 అంటే 2019లో 23వ వారం. ఆరేళ్లు దాటితే ఎంత ట్రెడ్ ఉన్నా మార్చాల్సిందే. 18 అంగుళాల చక్రాలకి ముందు 235/45, వెనక 265/45. ఎన్0, ఎన్1 లాంటి గుర్తు ఉంటే పోర్షే ఒప్పుకున్న టైరు. బ్రేక్ డిస్కుల రంధ్రాల చుట్టూ వెంట్రుకంత గీతలు మామూలే, గీత డిస్క్ అంచుదాకా పాకితే మార్చాలి.

కమ్మనహళ్లి కిట్టు
ఇంత తిప్పలెందుకు, పోర్షే సెంటర్‌లోనే చెక్ చేయిస్తే పోలా?

ఫ్లాట్‌సిక్స్
చేయించొచ్చు కిట్టూ. వాళ్ల సర్వీస్ రికార్డు అక్కడే దొరుకుతుంది, అది పెద్ద లాభం. కానీ చెక్‌లిస్ట్ ప్రకారం అన్నీ మార్చమని రాస్తారు, పాడైందేదో పాతబడిందేదో విడదీసి చెప్పరు. నా లెక్కలో స్కాన్ రిపోర్టు అక్కడ, లిఫ్ట్ మీద చూపించడం ఈ కార్లు తెలిసిన బయటి మెకానిక్ దగ్గర.

పీడీకే గురించి ఎవరూ చెప్పలేదు. బ్రేక్ మెల్లగా వదిలి, యాక్సిలరేటర్ తాకకుండా పాకించు. వణక్కుండా కదలాలి. డీ నుంచి ఆర్‌కి, మళ్లీ డీకి నాలుగుసార్లు మార్చు, ప్రతిసారీ ఒకే వ్యవధిలో పట్టాలి. తర్వాత ట్రాఫిక్‌లో ఒకటి, రెండు గేర్ల మధ్య పదిహేను నిమిషాలు నడుపు. ఖాళీ రోడ్డు మీద ఏ పీడీకే అయినా వెన్నలా ఉంటుంది, నూనె వేడెక్కాకే లోపం బయటపడుతుంది. దీనిలో క్లచ్ నూనె వేరు, గేర్ నూనె వేరు. బిల్లులో రెండూ మార్చినట్టు విడివిడిగా ఉందా చూడు. లోపలి సెన్సర్ పోతే ఒకప్పుడు గేర్‌బాక్స్ మొత్తం మార్చమనేవాళ్లు, ఇప్పుడు సెన్సర్ ఒక్కటే వేసేవాళ్లున్నారు. అయినా స్కాన్‌లో గేర్‌బాక్స్ ఎర్రర్ ఉంటే ఆ బేరం వదిలెయ్యడమే మేలు.

నెల్లూరు నవీన్
కాగితాల్లో ఒక కిటుకు. పాత ఇన్సూరెన్స్ పాలసీలన్నీ అడుగు. నో క్లెయిమ్ బోనస్ 20, 25, 35, 45, 50 శాతం అని ఏటా పెరగాల. ఒక ఏడు 45 ఉండి మరుసటేడు సున్నా అయిందంటే మధ్యలో క్లెయిమ్ పెట్టినట్టే. ఆ తారీకుకి షెడ్డు బిల్లు ఏదని అడుగు. పరివాహన్ (ప్రభుత్వ వాహనాల వెబ్‌సైటు)లో లోన్ మిగిలిందా, చలాన్లు ఉన్నాయా చూడు. లోన్ ఉండి తీరిపోయుంటే ఫారం 35, బ్యాంకు ఎన్ఓసీ కావాల. పేరు మార్పిడి ఫారం 29, 30 మీద సంతకాలు ఆర్సీలో ఉన్నట్టే ఉండాల. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో నీ పేరుకి మార్చుకో, ఆ బోనస్ మాత్రం పాత ఓనర్‌తోనే పోతుంది.

పుదుచ్చేరి నంబరు బళ్లు సస్తాగా కనిపిస్తాయి, మోసపోవద్దు. ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడ రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే, లైఫ్ ట్యాక్స్ నీ నెత్తినే. నీది కేఏ బండి కాబట్టి నీకు ఈ గోల లేదు, చదివే మిగతావాళ్లకి చెప్తున్నా.

సర్జాపూర్ సుబ్బు
చూసొచ్చాం. కోల్డ్ స్టార్ట్ శుభ్రం, ఆయిల్ మూత తేలిగ్గా వచ్చింది. ఇంజిన్ గంటలు 1,480. ఓవర్‌రెవ్ మొదటి గడిలో 3,120, రెండో గడిలో 40, మిగతావన్నీ సున్నా. పెయింట్ 280 నుంచి 310, కుడి డోర్ మాత్రం 390, పిల్లర్ మీద 105. టైర్లు నాలుగూ 1118. కుడి కండెన్సర్ కింది భాగం తెల్లగా పొడిపొడిగా ఉంది. తాళాలు రెండూ ఉన్నాయి. స్టీరింగ్ నిలబెట్టి తిప్పితే ముందు ఎడమ వైపు కిర్రుమంటోంది.

హెబ్బాళ రెడ్‌లైన్
సగటు దాదాపు 18, ఊళ్లో తిరిగిన బండే. మొదటి గడి ఎనిమిది సెకన్లు, లెక్కలోకి తీసుకోకు. టైర్లు 2018వి, నాలుగూ మార్చాలి, లక్ష దాటుతుంది. కిర్రుమనేది స్ట్రట్ (ముందు షాక్ అబ్జార్బర్) పై మౌంట్, అవి జతగా మార్చు. కండెన్సర్ రెండు వైపులా కొటేషన్ తీసుకుని, ఈ మూడూ కలిపి ధరలోంచి తగ్గించమని అడుగు.

అడయార్ టింకరింగ్
పిల్లర్ 105 ఉండి డోర్ ఒక్కటే ఎక్కువంటే గీత పడితే మళ్లీ పెయింట్ చేసి ఉంటారు, 390 అంటే పుట్టీ లేదు. డోర్ హింజ్ బోల్టులు కదల్లేదు కదా?

సర్జాపూర్ సుబ్బు
కదల్లేదు, మీద పెయింట్ చెక్కుచెదరలేదు.

ఫ్లాట్‌సిక్స్
అయితే వెళ్లి మాట్లాడు. డబ్బు ఇచ్చే ముందు ఒక్కటి చూసుకో: చక్రం లాక్ బోల్టు విప్పే అడాప్టర్ టూల్‌కిట్‌లో ఉందా? దీనికి స్టెప్నీ ఉండదు, కంప్రెసర్, సీలెంట్ మాత్రమే. అందుకని దాని జోలికి ఎవరూ పోరు, ఏ టైర్ షాపులోనో వదిలేసి వస్తారు. ఆ టైర్లు మార్చడానికి వెళ్లినప్పుడు అది లేకపోతే ఒక్క చక్రం కూడా ఊడదు.