సమస్యాపూరణం: “మొగము లేని వాడు మొగము చూపె”

అందరికీ నమస్కారం. ఈ వారం ఇస్తున్నది ఆటవెలది నాలుగో పాదం. పై మూడు పాదాలు మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి:

మొగము లేని వాడు మొగము చూపె

మొగమే లేనివాడు మొగం ఎలా చూపిస్తాడన్నదే చిక్కు. దాన్ని విప్పే దారి మన మాటల్లోనే ఉంది. మొహం చాటెయ్యడం, మాడ్చుకోవడం, చెల్లకపోవడం, వాచిపోవడం... వీటిలో ఒక్కటీ ముక్కూ చెంపల సంగతి కాదు. మొగమాటమే మొహమాటం అయింది కదా!

ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం దగ్గర యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో జత కలవాలి. కుదరకపోతే ప్రాసయతి, అంటే వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలవాలి. రాయండి.

అమలాపురం మాస్టారు:

కడుపె నోరు గాగ కదలు కబంధుడు
చితిని కాలి లేచి చెలువ మొప్ప
రామచంద్రు నెదుట రవివలె వెలుగుచు
మొగము లేని వాడు మొగము చూపె

మాస్టారూ, నడక హాయిగా ఉంది. చి–చె, రా–ర యతులు చక్కగా పడ్డాయి. ఒక్క సందేహం. రామాయణంలో రాక్షసుడు కబంధుడికి తల లేదు గానీ నోరూ కన్నూ మొండెంలోనే ఉన్నాయి. అలాంటప్పుడు మొగము లేదని అనొచ్చా? మీరే మొదటి పాదంలో నోరు చూపించేశారు.

*మాస్టారి జవాబు:* నోరుంటే మొగమున్నట్టా అమ్మా? సంచికీ మూతి ఉంటుంది. చూడగానే మనిషిని పోల్చుకోగలిగితేనే అది మొగం.

ఒప్పుకున్నానండి.

సఖినేటిపల్లి తమ్ముడు:

అప్పు తీర్చలేక అవతలి గట్టున
దాగి యున్న రైతు ధాన్యమమ్మి
రేవు దాటి వచ్చి రెక్కల కష్టాన
మొగము లేని వాడు మొగము చూపె

పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద నరసాపురం వెళ్ళి వచ్చే ఊరివాడివి కాబట్టే నీకు ‘అవతలి గట్టు’ తట్టింది. ‘చూపడానికి మొగం లేదు’ అని రోజూ అనే మాటనే పట్టుకున్నావు, బాగుంది. కానీ మూడో పాదం గాల్లో వేలాడుతోంది. ధాన్యం అమ్మాడు, రేవు దాటాడు, మరి అప్పు తీర్చాడా? అది చెప్పకపోతే మొగం ఎలా వచ్చింది? ఇలా మార్చి చూడు:

పడవ దిగుచు నవ్వి పైకము చెల్లించి

ప–పై యతి సరిపోతుంది. నవ్వు కూడా వచ్చి చేరింది. బాకీ తీరినవాడి మొహం ఎలా విప్పారుతుందో మనం చూడనిదా?

*తమ్ముడి జవాబు:* తీసుకుంటున్నానక్కా. ‘పైకము’ నాకు తట్టలేదు.

కాకినాడ చెల్లి మాస్కు మీద మొదలుపెట్టింది: ‘రెండు యేండ్లు మాస్కు మూతికి కట్టిన’. రె–మూ యతి తప్పింది చెల్లీ. పైగా రెండేండ్లు అనాలి. ‘మాస్కు కట్టి యిన్ని మాసాలు గడిచెను’ అంటే మా–మా కుదురుతుంది. మిగతా పాదాలు నువ్వే పూర్తి చేసి మళ్ళీ పెట్టు.

అంతర్వేది మిత్రుడు గోదావరి పాయ వసిష్ఠ సముద్రంలో కలిసే మొగను మొగముతో కలిపి రాశారు. నది నోటిని మనవాళ్ళు మొగ అంటారు కాబట్టి ఊహ చాలా బాగుంది. ఇసుక మేటతో పూడిన మొగ వరదకు తెరుచుకోవడం కళ్ళకు కట్టింది. కానీ సమస్యలో ఉన్నది ‘వాడు’. గోదావరి మనకు తల్లి. ఈ పాదానికి ఆ ఊహ ఒదగదు, వేరే పద్యం చెయ్యండి.

అంబాజీపేట బాబాయి:

లింగరూపునకును లేవు కన్నులు ముక్కు
కనుమనాడు ప్రభల గద్దె నెక్కి
తోట నడుమ చేరి దొరవలె శంభుడు
మొగము లేని వాడు మొగము చూపె

బాబాయిగారూ, కనుమనాడు ప్రభల తీర్థం జరిగే జగ్గన్నతోటను నాలుగు పాదాల్లోకి తెచ్చేశారు. పదకొండు ఊళ్ళ రుద్రులు వెదురుతో కట్టిన ప్రభలెక్కి పచ్చటి చేలు తొక్కుకుంటూ, కౌశిక నదిలో దిగి వస్తుంటే ఏడాదికోసారి ఊరందరికీ దేవుడి మొహం కనిపిస్తుంది. గుడిలో లింగం, ప్రభ మీద ఉత్సవమూర్తి. రెండూ ఒకడే కాబట్టి సమస్య ఏ మెలికా లేకుండా విడిపోయింది. ‘దొరవలె’ ఒక్కటే నాకు నచ్చలేదు. యతి కోసం వచ్చినట్టుంది. శివుడికి దొరతనం ఎందుకు?

ముమ్మిడివరం అక్క:

గడ్డి కుక్కి నాన్న కట్టిన బొమ్మకు
సున్నమద్ది కళ్ళు చుట్టినాడు
పిట్టలెగిరిపోయె పెదవులు గీయగ
మొగము లేని వాడు మొగము చూపె

ఇది చదివి కాసేపు ఆగిపోయాను. పురాణం లేదు, శ్లేష లేదు. చేలో దిష్టిబొమ్మ ఉంది, నాన్న వేలికి అంటిన సున్నం ఉంది. ‘కళ్ళు చుట్టినాడు’ అనడంలో వేలు గుండ్రంగా తిరగడం కనిపిస్తోంది. సు–చు యతి కోసం వెతికి తెచ్చిన మాటలా లేదు. ఈ వారం నా ఓటు దీనికే. ఒక్క సంగతి అడగాలి. ‘పెదవులు గీయగ’ పిట్టలు ఎగిరిపోయాయన్నారు. ఎలాంటి పెదవులక్కా, కోపంగా ఉన్నవా?

*అక్క జవాబు:* మసిపట్టిన పాత కుండ బోర్లించేవారండి. ఆ నలుపు మీద తాంబూలం సున్నం తెల్లగా మెరిసేది. కోరలు గీయి నాన్నా, పిట్టలు భయపడతాయి అని నేను గొడవ చేసేదాన్ని. ఆయన ఎప్పుడూ నవ్వే మూతే గీసేవారు. కోపం మొహం గీయడం ఆయనకి రాదండి.