బొబ్రోవ్‌స్కీ కెరీర్: రెండు వెజినాలు, మధ్యలో బెంచి, ఆ తర్వాత రెండు కప్పులు. లెక్క ఎక్కడ కుదరడం లేదు?

నీలిగీత:
ఐస్ హాకీ గోల్‌కీపర్ (గోలీ) సెర్గీ బొబ్రోవ్‌స్కీ అంకెలు వరసగా పెట్టి చూస్తే ఒకే గోలీవి అనిపించడం లేదు. 2012-13లో సేవ్ పర్సంటేజ్ (ఆపిన షాట్ల వాటా) 0.932, ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా హాకీ లీగ్) ఉత్తమ గోలీకిచ్చే వెజినా ట్రోఫీ. 2016-17లో 0.931, రెండో వెజినా. 2019లో ఫ్లోరిడా పాంథర్స్‌తో 7 ఏళ్లకు 7 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్. చేరిన మొదటి సీజన్‌లో 0.900. 2023 ప్లేఆఫ్స్‌ని బెంచి మీద మొదలుపెట్టి, అదే ఏడాది జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. 2024లో, 2025లో స్టాన్లీ కప్, అంటే లీగ్ టైటిల్.

తెలిసినవాళ్లు చెప్పండి: ఇలాంటివాణ్ణి డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే చోట) ఒక్క జట్టూ ఎందుకు తీసుకోలేదు? 0.932 నుంచి 0.900కి పడటం నిజంగా అంత పెద్ద పతనమా? టెక్నిక్‌లో ఏమైనా మారిందా, లేక జట్టు మారిందా?

కుజ్బాస్_ఎక్స్‌ప్రెస్:
డ్రాఫ్ట్ సంగతి నేను చెబుతాను, అంకెల జోలికి పోను.

ఆయన పుట్టింది 1988 సెప్టెంబర్ 20న, నోవోకుజ్‌నెత్స్క్‌లో. బొగ్గు, ఉక్కు ఊరు. అక్కడి మెటలుర్గ్ జట్టులోనే పెరిగి, 2010 దాకా అక్కడే ఆడాడు. ఆ జట్టు ఎప్పుడూ పట్టిక అడుగునే ఉండేది. రోజూ షాట్ల వాన, ఖాతాలో అన్నీ ఓటములు. గెలుపోటముల వరుస చూసి గోలీని అంచనా వేసే స్కౌట్లకి అలాంటివాడు కంటికి ఆనడు. పైగా ఎన్‌హెచ్‌ఎల్‌కి, రష్యాకి మధ్య అప్పట్లో ఆటగాళ్ల బదిలీ ఒప్పందం లేదు. డ్రాఫ్ట్‌లో తీసుకున్నవాడు ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో రాడో తెలియనప్పుడు దానిమీద పిక్ (ఎంచుకునే వంతు) ఖర్చు పెట్టడానికి జట్లు వెనకాడేవి. తర్వాత తరంలో ఆ భయం తగ్గింది. అయినా రష్యన్ గోలీలు చూడండి: షెస్టెర్కిన్ 2014లో 118వ పిక్, సోరోకిన్ అదే ఏడాది 78వ పిక్. వాళ్లు అమెరికాకి వచ్చింది 2019లో ఒకరు, 2020లో ఒకరు. అన్నట్టు సోరోకిన్ కూడా మెటలుర్గ్‌లో తయారైనవాడే, తర్వాతే మాస్కో జట్టు సీఎస్‌కేఏకి వెళ్లాడు. ఎన్‌హెచ్‌ఎల్‌కి ఇద్దరు గోలీలను ఇచ్చిన ఆ జట్టును 2017లో రష్యా అగ్ర లీగ్ కేహెచ్‌ఎల్ నుంచి తప్పించారు.

డ్రాఫ్ట్ కాకపోవడం ఒకరకంగా మేలే చేసింది. హక్కులు ఎవరి దగ్గరా లేవు కాబట్టి 2010 మేలో ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌తో నేరుగా సంతకం చేశాడు. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఎంట్రీ లెవెల్ కాంట్రాక్ట్ (లీగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లకిచ్చే చౌక ఒప్పందం) ఎన్నేళ్లన్నది, సంతకం చేసిన ఏడాది సెప్టెంబర్ 15 నాటి వయసును బట్టి ఉంటుంది. 21 అయితే 3 ఏళ్లు, 22 అయితే 2 ఏళ్లు. ఆయన 22లో పడింది ఆ ఏడాది సెప్టెంబర్ 20న. ఐదు రోజుల తేడాతో ఒక ఏడాది ఎక్కువ చౌక కాంట్రాక్ట్ మీద ఆడాల్సి వచ్చింది. తొలి వెజినా గెలిచింది సరిగ్గా ఆ మూడో ఏడాదే!

ఫ్లయర్స్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తొలి సీజన్‌లోనే 28 మ్యాచ్‌లు గెలిపించాడు. ప్లేఆఫ్స్‌లో ముగ్గురు గోలీలను మార్చి మార్చి ఆడించాక, ఆ వేసవిలో ఇల్యా బ్రిజ్గలోవ్ అనే గోలీకి 9 ఏళ్లకు 5.1 కోట్ల డాలర్లిచ్చి తెచ్చుకున్నారు. 2012 జూన్‌లో బొబ్రోవ్‌స్కీని కొలంబస్ జట్టుకి ఇచ్చేశారు. బదులుగా వచ్చింది ఒక రెండో రౌండ్ పిక్, రెండు నాలుగో రౌండ్ పిక్‌లు. ఏడాది తిరక్కుండానే ఆయన వెజినా అందుకున్నాడు, అది అందుకున్న మొదటి రష్యన్ ఆయనే. బ్రిజ్గలోవ్ కాంట్రాక్ట్‌ని ఫ్లయర్స్ అదే నెలలో డబ్బు కట్టి వదిలించుకుంది.

పక్కా_లెక్క:
అంకెలు చదివే ముందు అందులో ఏది లెక్కలోకి వస్తుందో, ఏది రాదో తెలియాలి. సేవ్ పర్సంటేజ్ అంటే ఆపిన షాట్లను గోల్ మీదికి వచ్చిన షాట్లతో భాగించడం. గోలీ కదలకపోయినా బయటికే పోయేది, పోస్ట్‌కి తగిలి వెనక్కి వచ్చేది, డిఫెన్స్‌మన్ కాలికి తగిలి ఆగిపోయేది ఏవీ షాట్ కింద రావు. నెట్ ఖాళీగా ఉన్నప్పుడు పడిన గోల్ గోలీ ఖాతాలో పడదు. షూటౌట్ అసలే లెక్కలో లేదు. గోల్స్ అగెనెస్ట్ యావరేజ్ వేరు: ఇచ్చిన గోల్స్‌ని 60తో గుణించి, ఆడిన నిమిషాలతో భాగించాలి. అది సగం జట్టు అంకె. మంచి డిఫెన్స్ వెనక నిలబడితే అదే తగ్గుతుంది.

ఇప్పుడు 1,000 షాట్లు తీసుకోండి. 0.932 అయితే 68 గోల్స్, 0.900 అయితే 100. మ్యాచ్‌కి 30 షాట్లనుకుంటే తేడా దాదాపు ఒక గోల్. ఇది చిన్నదేం కాదు, కానీ రెండు దిద్దుబాట్లు చేయాలి.

మొదటిది, లీగ్ సగటు. 2016-17లో సగటు సుమారు 0.913. 2022-23, 2023-24 నాటికి 0.903 దగ్గరికి దిగింది. 2017లో ప్యాంట్లు, 2018-19లో చెస్ట్ ప్రొటెక్టర్ సన్నబడ్డాయి. అంతకంటే ముఖ్యం, జట్లు దూరం నుంచి గుడ్డిగా కొట్టడం తగ్గించి, అడ్డంగా పాస్ చేసి దగ్గర్నుంచి కొట్టడం పెంచాయి. కాబట్టి 2022-23లో ఆయన 0.901 అంటే సగటుకి వెంట్రుకవాసి కింద, అంతే. అందరూ తిట్టిన సీజన్ అది. మరుసటి ఏడాది 0.915 అంటే సగటు మీద 12 పాయింట్లు (ఒక పాయింట్ అంటే 0.001). వెజినా తుది ముగ్గురిలో ఉన్నాడు.

రెండోది, అదృష్టం. ఇది చాలామంది వదిలేస్తారు. అసలు సామర్థ్యం 0.910 ఉన్న గోలీ సీజన్‌కి 1,500 షాట్లు ఎదుర్కొంటే, ఏమీ మారకుండానే అతని అంకె అటూ ఇటూ 7 పాయింట్లు ఊగుతుంది. అంటే ఒక ఏడాది 0.903, ఇంకో ఏడాది 0.917 రావచ్చు. ప్లేఆఫ్స్‌లో 700 షాట్లే ఉంటే ఆ ఊపు 11 పాయింట్లు. 2019-20లో 0.900, 2020-21లో 0.906, 2021-22లో 0.913, మళ్లీ 0.901. ఈ నాలుగింటినీ కలిపి చూస్తే సగటు దగ్గర తచ్చాడుతున్న గోలీ కనబడతాడు. కోటి డాలర్లకి అది తక్కువే, ఒప్పుకుంటాను. కానీ పత్రికల్లో రాసినట్టు ఏడాదికోసారి చచ్చి బతికిన మనిషి మాత్రం కనబడడు.

అసలు తగ్గుదల 0.930ల నుంచి ఈ గుంపుకి దిగడం. అది అదృష్టంతో పూర్తిగా కొట్టిపారేసేంత చిన్నది కాదు. 30 దాటిన వయసు, జట్టు మార్పు రెండూ అందులో ఉన్నాయి.

జట్టు వాటా ఎంతో తెలియాలంటే అదే డిఫెన్స్ వెనక ఆడిన రెండో గోలీని చూడండి. 2023-24లో ఆంథనీ స్టోలార్జ్ 27 మ్యాచ్‌ల్లో 0.925. బొబ్రోవ్‌స్కీ కంటే 10 పాయింట్లు ఎక్కువ! బ్యాకప్‌కి తేలిక మ్యాచ్‌లు పడతాయన్నది నిజమే, అయినా పాంథర్స్ ఆటగాళ్లు బార్కోవ్, ఫోర్స్లింగ్ ముందుండటం ఎంత సాయమో అర్థమవుతుంది. (ఈ స్టోలార్జ్ ఎవరనుకున్నారు? బొబ్రోవ్‌స్కీని ఇచ్చేసినప్పుడు ఫిలడెల్ఫియాకి వచ్చిన రెండో రౌండ్ పిక్‌తో తీసుకున్నవాడు.)

ఎడమగ్లవ్:
లెక్కగారితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, ఐస్ మీద ఏం జరిగిందన్నది కూడా చూడాలి.

రష్యాలో ఆయన పెరిగిన ఐస్ వెడల్పు 30 మీటర్లు. ఎన్‌హెచ్‌ఎల్‌లో 85 అడుగులు, అంటే 26 మీటర్లకి కొంచెం తక్కువ. నెట్ ఎక్కడైనా 6 అడుగులు బై 4 అడుగులే. వెడల్పాటి ఐస్ మీద పక్కనుంచి వచ్చేవాడు దూరంగా ఉంటాడు, పాస్ అడ్డంగా వెళ్లడానికి సమయం పడుతుంది, గోలీకి కుదురుకునే వీలుంటుంది. ఇరుకు ఐస్‌లో బోర్డుల దగ్గర్నుంచి కూడా షాట్ ముందే వచ్చేస్తుంది, నెట్ ముందు జనం ఎక్కువ. అందుకే వచ్చినవాళ్లలో చాలామంది మొదట పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్లని) చూడలేక దెబ్బతింటారు, చేతివేగం తక్కువై కాదు.

బొబ్రోవ్‌స్కీ బలం అడ్డంగా కదలడంలోని వేగం, తుంటి సాగడం. బటర్‌ఫ్లైలో మోకాళ్ల మీద ఉండి ఒక పోస్ట్ నుంచి ఇంకో పోస్ట్‌కి జారడంలో ఆయనంత వేగం ఉన్నవాళ్లు తక్కువ. ఆ జారుడుకి ఒక క్రమం ఉంది. ముందు తల, చూపు కొత్త చోటికి తిరగాలి. తర్వాత తుంటి అటు తిప్పాలి. అప్పుడు వెనక కాలి స్కేట్ అంచుతో నెట్టాలి. తుంటి తిరగకముందే నెట్టేస్తే గోలీ గోల్ గీతకి సమాంతరంగా జారిపోతాడు. షూటర్‌కి ఎదురుగా రాడు, పైగా వేగం ఆగక పోస్ట్ దాటేస్తాడు. అప్పుడు తను వదిలి వచ్చిన వైపే నెట్ ఖాళీ. వేగమే బలంగా ఉన్న గోలీలకి ఫామ్ పోయినప్పుడు కనబడే తప్పు ఇదే.

రెండోది పోస్ట్ దగ్గర పని. పక్ గోల్ గీత వెనకో, మూలలోనో ఉన్నప్పుడు పోస్ట్ వైపు ప్యాడ్‌ని ఐస్ మీద పడుకోబెట్టి, పాదాన్ని పోస్ట్‌కి ఆనించి, భుజంతో పైభాగం మూస్తారు. దాన్ని రివర్స్ వీహెచ్ అంటారు. కింద చీమ దూరదు. కానీ చెవి పక్కన, క్రాస్‌బార్ కింద చిన్న కిటికీ మిగులుతుంది. షూటర్ ఇంకా గోల్ గీతకి ముందు వైపే, మంచి కోణంలో ఉండగా తొందరపడి కూర్చుంటే ఆ కిటికీలోంచే పోతుంది. ఈ పద్ధతిలో పడే గోల్స్‌లో ఎక్కువ భాగం ఆ తొందర వల్లే.

2024 ఏప్రిల్‌లో టాంపా బే మీద రెండో మ్యాచ్‌లో, వీపు షూటర్ వైపు పెట్టి, చెయ్యి వెనక్కి విసిరి మాట్ డుంబా షాట్ ఆపాడు కదా. అందరూ దాన్నే మళ్లీ మళ్లీ వేస్తారు. కోచ్‌లు అలాంటిది నేర్పరు. అప్పటికే తప్పు వైపు వెళ్లిపోయాక మిగిలిన ఒకే దారి అది. దాన్ని చూసి ఆయన గొప్పతనం కొలవడం నాకు నచ్చదు. 2023లో కెరొలైనా మీద నాలుగు మ్యాచ్‌లు చూడండి: 174 షాట్లకి 168 ఆపాడు. మొదటి మ్యాచ్ నాలుగో ఓవర్‌టైమ్ దాకా వెళ్లింది, 63 సేవ్‌లు. వాటిలో ఎక్కువ భాగం చూడ్డానికి ఏమీ అనిపించవు. పక్ వచ్చేలోపే అక్కడ ఉన్నాడు.

నీలిగీత:
చాలా థాంక్స్. ఇంకో రెండు. 2023 ప్లేఆఫ్స్‌లో జట్టులోని ఇంకో గోలీ అలెక్స్ లయన్‌ని ముందు ఎందుకు దింపారు? అలాగే ఏడాదికి కోటి డాలర్లు చివరికి గిట్టుబాటయ్యాయా?

కుజ్బాస్_ఎక్స్‌ప్రెస్:
లయన్ విషయం సూటిగానే ఉంది. సీజన్ చివర్లో బొబ్రోవ్‌స్కీకి ఒంట్లో బాగోలేదు, లయన్ వరసగా గెలిపించి జట్టును ఆఖరి స్థానంతో ప్లేఆఫ్స్‌లోకి చేర్చాడు. గెలుస్తున్నవాణ్ణి ఏ కోచ్ తీస్తాడు? ఎదురుగా 65 మ్యాచ్‌లు గెలిచిన బోస్టన్. మూడో మ్యాచ్ మధ్యలో బొబ్రోవ్‌స్కీని దింపారు, నాలుగోది ఆయనే మొదలుపెట్టి ఓడాడు, ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో 1-3. అక్కడి నుంచి మూడూ గెలిచారు.

క్యాప్‌గోల:
జీతాన్ని డాలర్లలో కాకుండా శాలరీ క్యాప్‌లో (జట్టు మొత్తం జీతాలకి లీగ్ పెట్టిన పరిమితిలో) వాటాగా చూడాలి. 2019-20లో క్యాప్ 8.15 కోట్లు, కాబట్టి ఆయన వాటా 12.3 శాతం. కరోనా వల్ల క్యాప్ కొన్నేళ్లు దాదాపు కదల్లేదు, అందుకే ఆ భారం కరగలేదు. విమర్శలు జోరుగా ఉన్నది సరిగ్గా ఆ కాలంలోనే. 2024-25లో క్యాప్ 8.8 కోట్లకి వచ్చాక వాటా 11.4 శాతం. 2025-26లో 9.55 కోట్లు, 10.5 శాతం. కాంట్రాక్ట్‌లో అదే చివరి ఏడాది. అందులో నో మూవ్‌మెంట్ క్లాజ్ కూడా ఉండేది, అంటే ఆయన ఒప్పుకోకుండా ఇంకో జట్టుకి ఇచ్చేయడం కుదరదు. 2019 జూన్ డ్రాఫ్ట్‌లో 13వ పిక్‌తో స్పెన్సర్ నైట్ అనే గోలీని తీసుకుని, పది రోజులకే ఈ కాంట్రాక్ట్ ఇచ్చారు. ఆ వరుస నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గిట్టుబాటా అంటే, మొదటి నాలుగు రెగ్యులర్ సీజన్ల మట్టుకు కాదు. తర్వాత మూడు వరస ఫైనల్స్, రెండు కప్పులు. మూడు వసంతాలూ గోల్‌లో నిలబడింది ఆయనే.

పక్కా_లెక్క:
ఒక్క సవరణ. కప్పుల్ని గోలీ ఖాతాలో పూర్తిగా వేయొద్దు. 2025 ప్లేఆఫ్స్‌లో సేవ్ పర్సంటేజ్ 0.914, గోల్స్ అగెనెస్ట్ యావరేజ్ 2.20. మంచి అంకెలే, కానీ 2013 నాటి శిఖరం కాదు. లోతైన జట్టు ముందుంటే 0.914 గోలీకీ కప్ వస్తుంది.

ఎడమగ్లవ్:
దానికి జవాబు 2024 ఫైనల్లోనే ఉంది. మొదటి మ్యాచ్‌లో ఎడ్మంటన్‌ని 32 సేవ్‌లతో 3-0కి సున్నా చుట్టాడు. నాలుగో మ్యాచ్‌లో 16 షాట్లకి 5 గోల్స్ ఇచ్చి రెండో పీరియడ్‌లో బయటికి వచ్చాడు, 8-1. తర్వాత 5-3, 5-1తో ఇంకో రెండు ఓటములు. 3-0 ఆధిక్యం 3-3 అయింది. ఏడో మ్యాచ్‌లో 24కి 23 ఆపాడు, 2-1.

నాలుగు, ఏడు మ్యాచ్‌లు పక్కపక్కన పెట్టి, పక్‌ని వదిలేసి ఆయన స్కేట్లను మాత్రమే చూడండి. పక్ బ్లూ లైన్ (దాడి జోన్ మొదలయ్యే గీత) దాటేటప్పుడు కాలివేళ్లు గోల్ ముందరి నీలిరంగు భాగం అంచు మీద ఉన్నాయా, గోల్ గీత దాకా వెనక్కి జరిగాయా? అడ్డం పాస్ వచ్చినప్పుడు షాట్ కొట్టే క్షణానికి ఆగి ఉన్నాడా, ఇంకా జారుతూనే ఉన్నాడా? జారుతూ ఉన్న గోలీ శరీరానికి తగిలితేనే ఆపగలడు, చేతిని అటూ ఇటూ పంపలేడు. ఒక్కో పీరియడ్‌లో ఇలాంటివి ఎన్నో రాసుకుంటూ పోండి. గోల్స్ లెక్క కంటే ఆ లెక్క ముందే చెబుతుంది.