పాత మీడియం ఫార్మాట్ కెమెరాకి ముందు సర్వీసింగా, మీటర్ ప్రిజమా?

నెగెటివ్_నాని:
నమస్తే అందరికీ. ఈమధ్యే ఒక పాత 6×6 ఎస్‌ఎల్‌ఆర్ (6×6 సెం.మీ. చదరపు ఫ్రేము, లోపలి అద్దం మీదుగా లెన్స్‌లోంచే చూసే కెమెరా) చేతికొచ్చింది, షట్టర్ లెన్స్‌లోనే ఉండే రకం, వెనక ఫిల్మ్ బ్యాక్, అంటే ఫిల్మ్ ఉండే డబ్బా, ఊడొస్తుంది, పైన వేస్ట్ లెవెల్ ఫైండర్, అంటే నడుము దగ్గర పట్టుకుని పైనుంచి చూసేది. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే థ్రెడ్ మొత్తం బ్రాండ్ల కొట్లాటలోకి పోద్ది. మొదటి రోల్ డెవలప్ చేయించి చూస్తే కొన్ని ఫ్రేముల్లో ఒక అంచు నుంచి లోపలికి వెలుతురు చార ఉంది, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య సందు ఒకచోట వెడల్పు ఇంకోచోట వెంట్రుకవాసి, పైగా 1 సెకను పెట్టి నొక్కితే లోపల గర్ర్‌మంటూ సాగి సాగి మూసుకుంటోంది. 1/125, 1/250లో తీసినవి మాత్రం భలే వచ్చాయి. ఉన్న డబ్బు ఒక్కదానికే సరిపోద్ది. సీఎల్ఏ చేయించాలా, అదే, మొత్తం విప్పి శుభ్రం చేసి నూనెలు మార్చి స్పీడ్లు సరిచేసే ఫుల్ సర్వీసు, లేకపోతే 45 డిగ్రీల మీటర్ ప్రిజమ్, అదే, బొమ్మని సూటిగా చూపిస్తూ వెలుతురు కూడా కొలిచే ఫైండర్, కొనాలా? నా మనసైతే ప్రిజమ్ మీదే ఉంది, వేస్ట్ లెవెల్లో కుడి ఎడమలు తిరగబడి కనిపిస్తుంటే కదిలే మనిషిని ఫ్రేములో పట్టలేకపోతున్నా.

చీకటిగది:
సీఎల్ఏ. ఇందులో డిబేట్ ఏముందో నాకర్థం కాలేదు. స్లో స్పీడ్లకి టైము పట్టి ఉంచేది షట్టర్ లోపలుండే చిన్న పళ్ళచక్రాల వరస, అక్కడ నూనె ఎండిపోయి గట్టిపడితే మొదట బయటపడేది 1 సెకను, 1/2, 1/4 దగ్గరే. ఇవాళ అవి, రేపు మిగతావి. 1969లో అపోలో 11తో చంద్రుడి మీదకి పోయిన హాసెల్‌బ్లాడ్ కెమెరాలో మామూలు లూబ్రికెంట్లు తీసేసి అక్కడికి పనికొచ్చేలా మార్చారు, అంటే నూనె సంగతి ఎంత దూరం ఆలోచిస్తారో చూడండి, మనం దశాబ్దాలనాటి నూనెతో నడిపేస్తూ పైన ప్రిజమ్ తగిలిద్దాం అంటున్నాం.

ఎఫ్11_చాలు:
చంద్రుడి దాకా పోవక్కర్లేదు గురూ, అక్కడ వ్యాక్యూమ్, ఇక్కడ గాలి ఉంది కదా 🙂

నాని, ఫుల్ సర్వీసు అనే మాటకి భయపడి డబ్బు తీయకు, ముందు కొలువు. ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ ఉంటే చాలు, బ్యాక్ తీసేసి లెన్స్‌ని వెలుతురు వైపు పెట్టి వెనకనుంచి వీడియో తీసి, షట్టర్ తెరుచుకున్న ఫ్రేములు లెక్కపెట్టు. 1 సెకనుకి 240 రావాలి, 1/15కి 16. 1/60కి నాలుగే వస్తాయి, అక్కడినుంచి పైకి ఈ పద్ధతి పనికిరాదు. నీకు 240 బదులు 300 వచ్చిందనుకో, అది స్టాప్‌లో (వెలుతురు రెట్టింపో సగమో అయ్యే ఒక మెట్టు) మూడో వంతు తేడా, నెగెటివ్ ఫిల్మ్ దాన్ని పట్టించుకోదు కూడా. అసలు 1 సెకను నువ్వెప్పుడు వాడతావ్? నువ్వు వాడే 1/125 బాగానే ఉందని నువ్వే రాశావ్.

చీకటిగది:
నెగెటివ్ పట్టించుకోదు, స్లైడ్ ఫిల్మ్ పట్టించుకుంటుంది, అర స్టాప్ తేడాకే హైలైట్లు పోతాయి. అయినా నా భయం షట్టర్ ఒక్కటే కాదు, అపర్చర్ బ్లేడ్లు, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని చిన్నదీ పెద్దదీ చేసే రేకులు. ఈ రకం లెన్సుల్లో ఫోకస్ చేసేంతసేపూ అపర్చర్ పూర్తిగా తెరిచే ఉంటుంది, నొక్కినప్పుడే పెట్టిన నంబరుకి మూసుకుంటుంది. బ్లేడ్ల మీదకి నూనె పాకితే అది లేటుగా మూసుకుంటుంది, ఎఫ్/16 (చిన్న రంధ్రం) పెట్టి ఎఫ్/8 (పెద్ద రంధ్రం) కి తగ్గ ఎక్స్‌పోజర్ వచ్చినా వస్తుంది, తప్పు మీటర్ మీద వేసుకుంటాం. అప్పుడు ప్రిజమ్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే.

ఎఫ్11_చాలు:
ఇది మాత్రం ఒప్పుకుంటా, మంచి పాయింటు. కానీ ఇదీ ఇంట్లో చూడొచ్చుగా, బ్యాక్ తీసి ఎఫ్/16 పెట్టి నొక్కి చూస్తే బ్లేడ్లు టక్కున మూసుకుంటున్నాయా బద్ధకంగానా అనేది కంటికే తెలుస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకో, కొన్నాళ్ళు కదలకుండా ఉన్నాక మొదటి నొక్కుడులో ఏం జరిగిందో అదే అసలు రిజల్ట్. పదిసార్లు నొక్కాక ఎలాంటి లెన్సయినా మంచిపిల్లాడిలా ప్రవర్తిస్తుంది.

ఆర్‌బీ_మోత:
మీటర్ ప్రిజమ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? 500 సిరీస్ హాసెల్‌బ్లాడ్ మీద పెట్టే మీటర్ ప్రిజమ్‌లు లెన్స్‌తో కలిసి పనిచేయవు, దానికి ఐఎస్ఓ, లెన్స్ గరిష్ఠ అపర్చర్ మనమే చెప్పాలి, అది ఒక ఈవీ నంబరు (షట్టర్ స్పీడు, అపర్చర్ జోడీని కలిపి చెప్పే అంకె) ఇస్తుంది, ఆ నంబరు తీసుకెళ్ళి లెన్స్ మీద మనమే పెట్టాలి. నీది ఆ తరహాదే అయితే ఫోన్‌లో మీటర్ యాప్ చేసే పనీ అంతే. మరి నువ్వు డబ్బు పెట్టేది దేనికి, సూటిగా కనిపించే బొమ్మకి. దానికి మీటర్ లేని మామూలు ప్రిజమ్ చాలు, అందులో బ్యాటరీ గొడవా లేదు వెలుతురు కొలిచే పాత సెల్ పాడైపోయిందన్న గొడవా లేదు.

నేను మామియా ఆర్‌బీ67 కెమెరా మోస్తా, రెండున్నర కిలోల పైన బరువు, దాని మీద మళ్ళీ ప్రిజమ్ పెట్టడమంటే మెడ మీద కక్ష తీర్చుకోవడమే. తిరగబడ్డ బొమ్మ కొన్ని రోల్స్‌కి అలవాటైపోద్ది, చెయ్యి దానంతటదే సరైన వైపు కదులుతుంది. యాక్సెసరీల్లో నన్నడిగితే ముందు లెన్స్ హుడ్, పాత కోటింగుల లెన్సులకి ఎదురు వెలుతురు అస్సలు పడదు. ఆ తర్వాత కేబుల్ రిలీజ్. ఫిల్టర్లు కొనేముందు మౌంట్ చూసుకో, హాసెల్‌బ్లాడ్‌లో 80 ఎంఎం సీ లెన్సుకి బీ50 బయొనెట్ (తిప్పి బిగించే మౌంట్), తర్వాత వచ్చిన సీఎఫ్‌కి బీ60, ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు, అడాప్టర్ రింగు వేసి 67 ఎంఎం మామూలు ఫిల్టర్లు వాడుకోవడం సుఖం.

నెగెటివ్_నాని:
ఈవీ సంగతి నాకు తెలీదు అన్నా, మీటర్ ప్రిజమ్ అంటే అంతా అదే సెట్ చేసుకుంటుంది అనుకున్నా. సరే మీటర్ వదిలేశా. మరి వెలుతురు చార, సందుల సంగతి? దానికైనా సీఎల్ఏ కావాలిగా?

స్క్రూడ్రైవర్_బాబాయ్:
అబ్బాయ్, ఆ రెండూ లెన్సువి కాదు బాడీవి కాదు, బ్యాక్‌వి. చార విషయం: డార్క్ స్లైడ్, అంటే బ్యాక్ ఊడదీసేటప్పుడు ఫిల్మ్‌కి వెలుతురు తగలకుండా అడ్డుపెట్టే పలక, దూరే సందులో చిన్న ఫోమ్, పల్చటి రేకు ఉంటాయి, స్లైడ్ బయటికి తీశాక వెలుతురు రాకుండా ఆపేది అవే, ఏళ్ళు గడిస్తే ఫోమ్ పిండైపోద్ది. కొన్ని ఫ్రేముల్లోనే వచ్చింది అన్నావ్ చూడు, స్లైడ్ తీసి కెమెరా ఎండలో ఎక్కువసేపు ఉంచిన ఫ్రేములే అయుంటాయి, గుర్తు తెచ్చుకో. అలా కాకుండా ఫిల్మ్ పొడుగునా రెండు అంచుల్లో మసక ఉంటే అది కెమెరాది కాదు, 120 రోల్ (కాగితంతో కలిపి చుట్టి వచ్చే మీడియం ఫార్మాట్ ఫిల్మ్) వదులుగా చుట్టుకుని బయటికి తీశాక అంచుల్లోంచి వెలుతురు దూరింది, రోల్ తీయగానే నీడలో గట్టిగా బిగించి కాగితం అంటించెయ్. ఆ ఫోమ్ సీల్ మార్చడం ఇంట్లోనే అయ్యే పని, పాత జిగురు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పెట్టడమే.

సందులకి, పాడైపోయిన రోల్ ఒకటి పట్టుకో. లోడ్ చేసి, వెలుతుర్లోనే బ్యాక్ ఊడదీసి డార్క్ స్లైడ్ లాగి, కనిపించే ఫిల్మ్ చుట్టూ మార్కర్‌తో గీత గీయి, మళ్ళీ స్లైడ్ పెట్టి బాడీకి తగిలించి స్లైడ్ తీసి నొక్కి వైండ్ చెయ్యి, 12 అయ్యేదాకా ఇదే. చివర్లో ఫిల్మ్ పరిచి చూస్తే సందులు ఎక్కడ తప్పుతున్నాయో డెవలప్ చేయకుండానే తెలిసిపోద్ది. ఎగుడుదిగుడు ఒక్కటే అయితే వాడుకో, ఫ్రేములు ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే అప్పుడు గేర్లు చూపించు. ఫిల్మ్ క్లిప్పు కిందకి సరిగ్గా దూర్చావా, బాణం గుర్తు దగ్గరే ఆపావా అనేది కూడా చూసుకో, సగం కేసులు అక్కడే.

చీకటిగది:
బాబాయ్ చెప్పిందానికి ఇంకోటి కలుపుతా. బ్యాక్ బయటి డొప్ప మీద నంబరు, లోపల ఫిల్మ్ పెట్టే ఇన్సర్ట్ మీద నంబరు చివరి మూడంకెలు కలుస్తున్నాయా చూడు. కలవకపోతే అది ఎక్కడెక్కడివో రెండు కలిపి అమ్మిన బ్యాక్.

స్క్రూడ్రైవర్_బాబాయ్:
కలవకపోతే కొంపేం మునగదు. నంబర్లు కలిసినవి సందులు తప్పడం చూశా, కలవనివి గీత గీసినట్టు నడవడం చూశా. నంబరు చూసి కాదు, ఆ మార్కర్ రోల్ చూసి తేల్చుకోవాలి.

చీకటిగది:
ఫ్యాక్టరీలో ఆ రెంటినీ జోడీగా అడ్జస్ట్ చేశారు కాబట్టే నంబర్లు వేశారు. ఊరికే వేయరు కదా.

కొత్త_లోడు:
మధ్యలో దూరుతున్నా సారీ, నాదీ ఇలాంటి కెమెరానే, ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (దగ్గరి ఫోటోల కోసం బాడీకీ లెన్స్‌కీ మధ్య పెట్టే గొట్టం) పెట్టి తీశాక మొత్తం జామ్, క్రాంక్ (ఫిల్మ్ వైండ్ చేసే పిడి) తిరగదు, లెన్స్ రాదు. ఇది కూడా నూనె ప్రాబ్లమేనా?

స్క్రూడ్రైవర్_బాబాయ్:
నూనె కాదు, వరస తప్పింది. ముందు ట్యూబ్ బాడీకి, తర్వాత లెన్స్ ట్యూబ్‌కి, తీసేటప్పుడు ముందు లెన్స్ తర్వాత ట్యూబ్. బాడీ, లెన్స్ రెండూ కాక్ అయి, అంటే స్ప్రింగు బిగిసి నొక్కడానికి సిద్ధంగా, ఉండాలి, ఒకటి అయి ఇంకోటి కాకపోతే ఇలా లాక్ పడతాయి. హాసెల్‌బ్లాడ్ 500 తరహాదైతే బ్యాక్ తీసి వెనక తలుపులు సున్నితంగా తెరిచి, లెన్స్‌ని కాక్ చేసే షాఫ్ట్‌కి స్క్రూ లాంటి గాడి ఉంటుంది, పొడుగాటి సన్న స్క్రూడ్రైవర్‌తో గడియారం తిరిగే వైపు క్లిక్ వచ్చేదాకా తిప్పితే వదిలేస్తుంది.

చీకటిగది:
దయచేసి కొత్తవాళ్ళకి ఇది చెప్పొద్దు బాబాయ్. చెయ్యి జారితే వెనక లెన్స్ గ్లాసు మీద గీత, తలుపులు వంగిపోతాయి. కొత్త_లోడు, నువ్వు ముందు డార్క్ స్లైడ్ లోపలే ఉండిపోయిందేమో చూడు, ఉంటే షట్టర్ బటన్ అసలు దిగదు, జామ్ అనుకుంటారు చాలామంది. నొక్కాక ఫైండర్ నల్లగా అయిపోయినా కంగారొద్దు, ఈ తరహా కెమెరాల్లో వైండ్ చేసేదాకా అద్దం కిందకి రాదు.

స్క్రూడ్రైవర్_బాబాయ్:
క్రాంక్ తిరగదు అంటున్నాడు కదయ్యా, డార్క్ స్లైడ్‌కీ క్రాంక్‌కీ సంబంధం ఏంటి? ఆ గాడి అక్కడ పెట్టిందే స్క్రూడ్రైవర్ కోసం. చెయ్యి వణికేవాళ్ళు చేయకండి, అంతవరకు ఒప్పుకుంటా.

నెగెటివ్_నాని:
అప్‌డేట్. మార్కర్ రోల్ చేశా, ఎక్కడా ఫ్రేములు ఒకదాని మీదకి ఒకటి ఎక్కలేదు, సందులు అటూ ఇటూ ఉన్నాయంతే. నంబర్లు కలిశాయి (చీకటిగది అన్నకి సంతోషం). సీల్ నిజంగానే పిండైపోయి ఉంది, ముట్టుకుంటే రాలుతోంది. 1 సెకను 330 దాకా పోతోంది, 1/15 దగ్గర 17. అసలు సంగతి అపర్చర్, వారం ముట్టుకోకుండా ఉంచి ఎఫ్/16లో నొక్కితే మొదటిసారి బ్లేడ్లు కళ్ళ ముందే నెమ్మదిగా దగ్గరికొచ్చాయి, రెండోసారి నుంచి టక్కున.

చీకటిగది:
చెప్పానా.

ఎఫ్11_చాలు:
చెప్పారు, ఒప్పుకున్నా కూడా. కానీ మీరు చెప్పింది ఫుల్ సర్వీసు, ఇక్కడ జబ్బు లెన్సుకి. బాడీ, బ్యాక్, లెన్స్ మూడూ వేరువేరు మెషీన్లు, ఊడొచ్చే కెమెరా కొనుక్కున్నదే అందుకు. లెన్స్ ఒక్కటే పంపు నాని, సీల్ నువ్వే మార్చు, మిగిలిన డబ్బుతో మీటర్ లేని ప్రిజమ్ వస్తే తీసుకో.

చీకటిగది:
బాడీలో వెనక తలుపులు షట్టర్ కంటే ముందు తెరుచుకుని తర్వాత మూసుకోవాలి, ఆ టైమింగ్ ఎవరు చూస్తారు? లెన్స్‌తో పాటు బాడీ కూడా పంపమనే నా సలహా.

ఎఫ్11_చాలు:
1/125 ఫ్రేములు మూల నుంచి మూలకి క్లీన్‌గా వచ్చాయి అంటున్నాడు. తలుపులు లేటైతే నీడ పడేది కదా.

నెగెటివ్_నాని:
లెన్స్ ఒక్కటే పంపుతున్నా. పంపేటప్పుడు కాక్ చేసి పంపాలా, వదిలేసి పంపాలా? స్ప్రింగు బిగిసి ఉంటే పాడవుద్దేమో అని డౌటు.

స్క్రూడ్రైవర్_బాబాయ్:
కాక్ చేయకపోతే అది బాడీ నుంచి ఊడితే కదా అబ్బాయ్. కాక్ చేసే తియ్యి, వెనక క్యాప్ పెట్టు, షాఫ్ట్‌ని వేలితో కదిలించకు.