కర్నూల్లో మంచి ఆర్థో ఎవరున్నారు? అర్జెంట్

ఆదోని అన్న:
పొద్దున ఫస్ట్ బస్సుకి ఆదోని నుంచి వచ్చాం. డాక్టర్ చీటీ మీద ‘ఆర్థో ఒపీనియన్’ అని రాసిచ్చాడు, చేతిలో ఎక్స్‌రే ఉంది. పెద్ద బోర్డు చూసి ఒక ఆర్థో ఆసుపత్రిలో ఓపీ కట్టి కూర్చున్నాం. మధ్యాహ్నం దాటాక పిలిచి, ఎక్స్‌రే చూసి నవ్వి, ‘ఇది మాది కాదు’ అని పంపించేశారు. ఓపీ డబ్బులు పాయె. మరి ఎవరి దగ్గరికి పోవాలంటే చెప్పే నాథుడు లేడు. బస్టాండులో కూర్చున్నాం, ఎవరైనా చెప్పండప్పా.

రిటైర్డ్ మాస్టారు:
మోకాలా, నడుమా? ఏదైనా సరే, ముందు తిండి సరిచేసుకోండి. రాగిసంకటి మానేసి తెల్లన్నం మరిగాక మన సీమలో ఎముకలు ఇట్లా తయారయ్యాయి. రాగుల్లో ఉన్నంత కాల్షియం బియ్యంలో యాడుంది? నేను ఇప్పటికీ రాత్రిపూట...

పాతబస్తీ మెడికల్స్:
ఎక్స్‌రే దేనిది?

ఆదోని అన్న:
పన్నుది. చెప్పలేదా?

పాతబస్తీ మెడికల్స్:
చెప్పలేదు.

రిటైర్డ్ మాస్టారు:
పన్నుకు ఎముకల ఆసుపత్రికి ఎందుకు పోయినావు నాయనా!

ఆదోని అన్న:
చీటీలో ఆర్థో అని ఉంటే ఆర్థో దగ్గరికే కదా సార్ పోతాం! నాకేం కలొస్తుందా?

హౌస్ సర్జన్, కడప:
అన్నా, మీ తప్పేం లేదు. ఎముకల డాక్టర్‌దీ ఆర్థో, పళ్ళ వరస సరిచేసే డాక్టర్‌దీ ఆర్థో. ఎముకలది ఆర్థోపెడిక్స్, పళ్ళది ఆర్థోడాంటిక్స్. రెంటినీ సగానికి విరిచి రాస్తారు. మీకు కావాల్సింది పళ్ళ ఆర్థో.

పళ్ళ డాక్టర్ చదువు బీడీఎస్ ఐదేళ్లు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత మూడేళ్ల పైచదువు ఎండీఎస్‌లో తొమ్మిది విభాగాలున్నాయి. రూట్ కెనాల్ చేసేది ఎండో. చిగుళ్ళు వాచి రక్తం కారితే పెరియో. క్యాప్‌లు, కట్టుడు పళ్ళు ప్రోస్తో. ఎముకలో ఇరుక్కున్న జ్ఞానదంతం, యాక్సిడెంట్‌లో విరిగిన దవడ ఓరల్ సర్జరీ వాళ్ళు చూస్తారు. చిన్నపిల్లలకు పెడో. నోటిపూత, గుట్కాతో నోరు తెరుచుకోకపోవడం, ఎక్స్‌రేలు ఓరల్ మెడిసిన్. తీసిన ముక్కను పరీక్షించే పాథాలజీ, ఊళ్ళల్లో క్యాంపులు పెట్టే పబ్లిక్ హెల్త్ విభాగం కూడా ఉన్నాయి గానీ పేషెంట్లకు వాళ్ళతో పని తక్కువ.

మీ చీటీలో ఇంకేముంది? పేషెంట్ వయసెంత?

అనంతపురం నీళ్ళు:
అసలు సంగతి ఎవరూ మాట్లాడరు. మన జిల్లాల్లో పళ్ళ జబ్బంటే ముందు బోరునీళ్ళ ఫ్లోరైడ్ చూడాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఎనిమిదేళ్లలోపు, చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే మచ్చ పడుతుంది, తర్వాత ఎంత తోమినా పోదు. నీళ్ళు కాస్తే ఫ్లోరైడ్ పోతుందని మా పక్కింటావిడ నమ్మకం. పోదు. నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. 1995లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చేదాకా మా పల్లెల్లో...

పాతబస్తీ మెడికల్స్:
ఆయన మచ్చల గురించి అడగలేదు.

అనంతపురం నీళ్ళు:
అడగకపోయినా తెలుసుకోవాలి.

ఎమ్మిగనూరు మరిది:
ఇంత లెక్చర్ ఎందుకు? మా వీధిలో బీడీఎస్ డాక్టరే క్లిప్పులు వేస్తాడు. కర్నూలు దాకా రావడం దండగ.

హౌస్ సర్జన్, కడప:
క్లిప్పు అంటే తీసి పెట్టుకునేదా, పన్నుకు అతికించే బ్రేసెసా?

ఎమ్మిగనూరు మరిది:
క్లిప్పంటే క్లిప్పే. తీగ ఉంటుంది.

హౌస్ సర్జన్, కడప:
రెండింటికీ తీగ ఉంటుంది అన్నా. తీసి పెట్టుకునే ప్లేటుతో పన్నును కాస్త వంచగలరు, అంతే. వేరుతో సహా జరపాలంటే అతికించే బ్రేసెస్ కావాలి. బీడీఎస్ వాళ్ళు వేయకూడదని కాదు, కొంతమంది బాగా వేస్తారు కూడా. కేసు చిక్కుగా ఉందనిపించబట్టే కదా ఈయన డాక్టర్ ఒపీనియన్‌కు పంపింది.

ఆదోని అన్న:
చీటీలో కింద ‘ఓఎస్’ అని కూడా ఉంది. పేషెంట్ నేను కాదు, మా పాప. ఏడో తరగతి. పైన కోరపన్ను ఒకవైపు వచ్చింది, రెండోవైపు పాలపన్ను ఇంకా ఊడలేదు. కొత్త పన్ను అంగిట్లో అడ్డం పడుకుందని చెప్పాడు.

హౌస్ సర్జన్, కడప:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది అన్నా! పై కోరపన్ను మామూలుగా 11, 12 ఏళ్లకు వస్తుంది. కాబట్టి సరైన సమయానికే చూపించారు. ఒక్కోసారి అడ్డంగా ఉన్న పాలపన్ను తీసేస్తే లోపలిది తనంతట తానే దిగుతుంది. దిగకపోతే ఓరల్ సర్జరీ వాళ్ళు చిగురు తెరిచి ఆ పన్నుకు చిన్న బటన్ అతికిస్తారు, ఆర్థో వాళ్ళు దాన్ని మెల్లగా కిందికి లాగుతారు. నెలల తరబడి పని. ఓఎస్ అంటే ఓరల్ సర్జరీ, అందుకే రాశాడు. ఆర్థో చూడకముందే ఎవరైనా ‘పీకేద్దాం’ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. లోపలి పన్ను పక్క పళ్ళ వేర్లను అరగదీస్తోందేమో కూడా చూడాలి, దానికి స్కాన్ అడగొచ్చు.

ఎమ్మిగనూరు మరిది:
పాలపన్ను పీకడానికి ఇంత కథా.

ఆదోని అన్న:
ఇప్పుడు యాడికి పోవాలో అది చెప్పండి ముందు.

హౌస్ సర్జన్, కడప:
కర్నూల్లో పుల్లారెడ్డి డెంటల్ కాలేజీ ఉంది, కడపలో మా గవర్నమెంట్ డెంటల్ కాలేజీ. అన్ని విభాగాలూ ఒకేచోట ఉంటాయి. కాలేజీలో మొదట ఓరల్ మెడిసిన్ వాళ్ళు చూసి, ఏ విభాగానికి పోవాలో రాసిస్తారు. మీరు వెతుక్కునే పని లేదు. ఇప్పుడు టైమ్ దాటింది, రేపు పొద్దున్నే పోండి. ఎక్స్‌రే మర్చిపోవద్దు.

ఆదోని అన్న:
సరే, రాత్రికి మా చిన్నాన్న ఇంట్లో ఉంటాం. థాంక్స్.

అనంతపురం నీళ్ళు:
పాప తాగేది బోరునీళ్ళేనా?

పాణ్యం చెల్లి:
మా అత్తకు కింద కట్టుడుపళ్ళు వదులయ్యాయి, మాట్లాడితే లేచిపోతున్నాయి. దీనికి ఎవరు?

పాతబస్తీ మెడికల్స్:
ప్రోస్తో. పైన రాశారు.