ఫీజు సాయం కావాలని అప్లికేషన్‌లో చెప్పాలా, దాచాలా?

కరీంనగర్_నాన్న:
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. డిగ్రీకే అమెరికా వెళ్తానని పట్టుబట్టింది, మార్కులు బాగానే ఉన్నాయి. నేను ఏడాదికి 12 లక్షల దాకా పెట్టగలను, అంతకు మించి నా వల్ల కాదు. కన్సల్టెన్సీ ఆయనేమో "ఫైనాన్షియల్ ఎయిడ్ కావాలా అన్నచోట నో పెట్టండి, సీటొచ్చాక చూసుకుందాం" అంటున్నాడు. నమ్మొచ్చా?

బెజవాడ_కిట్టు:
ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదండీ. చాలా కాలేజీలు బయటి దేశాల పిల్లల దగ్గరికొచ్చేసరికి డబ్బు కట్టగలరా లేదా అని కూడా చూస్తాయి. ఎస్ పెడితే ఉన్న కాస్త ఎయిడ్ కోసం ప్రపంచమంతటితో పోటీ. ముందు సీటు రానివ్వండి.

న్యూజెర్సీ_అక్క:
సీటొచ్చాకే అసలు తంటా, కిట్టూ. స్టాన్‌ఫర్డ్ సంగతే తీసుకో, అప్లై చేసేటప్పుడు ఎయిడ్ అడగని బయటి దేశం విద్యార్థి ఆ తర్వాత చదువు అయ్యేదాకా అడగడానికి వీల్లేదు. ఇంక చూసుకోవడానికి ఏం మిగిలింది? పైగా వీసాకి కాలేజీ ఇచ్చే ఐ-20 అనే పత్రం కావాలంటే కనీసం మొదటి ఏడాది ఖర్చంతా చూపించాలి, పేరున్న ప్రైవేటు కాలేజీల్లో అది 80 వేల డాలర్లు దాటింది. చేబదులు తెచ్చి ఖాతాలో వేసి స్టేట్‌మెంట్ తీసేవాళ్లూ ఉన్నారనుకో, రెండో ఏడాది ఫీజు ఎవరు కడతారు, కన్సల్టెన్సీ ఆయనా?

ఎస్ పెట్టినా నష్టం లేని చోట్లున్నాయి. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ ఎప్పటినుంచో మన పిల్లల విషయంలోనూ డబ్బు చూడకుండా సీటిస్తాయి, డార్ట్‌మత్, బోడిన్ 2022లో అదే దారి పట్టాయి, బ్రౌన్ 2025లో చేరిన బ్యాచ్ నుంచి. సీటిస్తే అవసరమైనంత ఎయిడూ ఇస్తాయి.

బెజవాడ_కిట్టు:
అక్కా, హార్వర్డ్, ఎంఐటీల్లో నూటికి ఐదుగురికి కూడా సీటు రాదు, మనవాళ్లకి ఇంకా కష్టం. ఆ లాటరీని నమ్ముకుని కూర్చోమంటారా?

న్యూజెర్సీ_అక్క:
అవే పెట్టమని నేననలేదుగా. డబ్బు చూసే కాలేజీల్లోనూ సీటిచ్చాక లోటంతా పూడ్చేవి ఉన్నాయి, వాటికీ పెట్టండి, కానీ నిజం చెప్పి పెట్టండి. అసలేమీ కట్టలేని పిల్ల కంటే ఏడాదికి 12 లక్షలు కట్టగల పిల్ల వాళ్లకి తక్కువ బరువు. అయితే ఒకటి, మీరు ఎంత కట్టగలరో తేల్చేది మీరు కాదు, వాళ్లే. సీఎస్ఎస్ ప్రొఫైల్ అని ఒక ఫారం ఉంటుంది, జీతం, ఇల్లు, బ్యాంకులో డబ్బు, ఇతర ఆస్తులు అన్నీ అడుగుతారు.

కరీంనగర్_నాన్న:
పొలం కూడా రాయాలా అక్కా? మా నాన్న ఇచ్చిన రెండెకరాలున్నాయి. రోడ్డు పక్కనే కాబట్టి రేటు బాగా పలుకుతుంది గానీ కౌలు కింద వచ్చేది ఏడాది బియ్యానికే సరి.

న్యూజెర్సీ_అక్క:
రాయాలి. ప్రత్యేక పరిస్థితులు చెప్పుకోవడానికి అందులో ఒక పెట్టె ఉంటుంది, కౌలు ఎంత వస్తుందో, అది ఉమ్మడి ఆస్తి అయితే ఆ మాటా అక్కడ పెట్టండి. అమెరికాలో కూర్చున్న ఆఫీసరుకి రోడ్డు పక్క పొలం రేటు కనిపిస్తుంది గానీ దాన్ని అమ్మితే మీ ఇంట్లో ఎంత గొడవో కనిపించదు కదా.

బెజవాడ_కిట్టు:
నేనైతే ఇప్పటికీ రెండు మూడు చోట్ల నో పెట్టి చూడమనే అంటాను.

కరీంనగర్_నాన్న:
వద్దులే తమ్ముడూ. సీటొచ్చి పంపలేకపోతే ఆ పిల్ల మొహం చూడలేను. ఎస్ పెట్టేస్తున్నాం. జనవరి 1 లోపు ప్రిన్సిపాల్ సారు చేత స్కూల్ రిపోర్ట్ (అమ్మాయి చదువు గురించి ఇక్కడి కాలేజీ పంపే ఫారం) అప్‌లోడ్ చేయించడం ఎలాగో కాస్త చెప్పండి, ఆయన ఇలాంటిది ఎప్పుడూ చేయలేదట.