నత్తికి మాత్రలు వాడొచ్చా? వచ్చే నెలే ఇంటర్వ్యూలు

ఫైనలియర్:
అందరికీ నమస్కారం. నాకు 21 ఏళ్లు, బీటెక్ చివరి సంవత్సరం. చిన్నప్పటి నుంచీ నత్తి. "ప" దగ్గర మాట పెగలదు. కాలేజీ బయట టిఫిన్ బండి దగ్గర పెసరట్టు తిందామని నిలబడి, నా వంతు వచ్చేసరికి "ఇడ్లీ" అనేస్తాను. మూడేళ్లుగా ఇదే తంతు. నా పేరు "ప్ర"తో మొదలవుతుంది, దాన్ని మార్చి చెప్పలేను కదా. సైకియాట్రిస్టు ఓలాంజపైన్ 2.5 మి.గ్రా. రాశారు. నెట్‌లో చూస్తే స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు మందు అని ఉంది. అమ్మ చీటీ దాచేసింది. వాడమంటారా?

రాత్రిషిఫ్ట్:
వాడు తమ్ముడూ. నేను అదే మందు ఎనిమిది నెలలు వాడాను. నత్తి పోలేదు, అబద్ధమెందుకు. కానీ పది సెకన్లు ఆగిపోయేవాడిని రెండు మూడు సెకన్లలో బయటపడేవాడిని. టీమ్ కాల్‌లో నోరు విప్పింది అప్పుడే. ఒళ్లు మాత్రం తొమ్మిది కిలోలు పెరిగింది, డ్యూటీలో కళ్లు మూతలు పడేవి. అయినా నా వరకు లాభమే.

గోదారిబామ్మ:
మా మనవడికి వస కొమ్ము అరగదీసి తేనెతో నాకించాం నాయనా. నాలుగేళ్లకు నత్తి పోయి, ఇప్పుడు వసపిట్టలా వాగుతున్నాడు. నాలుక కింద నరం కోయిస్తే పోతుందని కూడా అంటారు.

స్పీచ్‌థెరపిస్టు_బెజవాడ:
బామ్మగారూ, కోపం తెచ్చుకోకండి. చిన్నపిల్లల్లో సుమారు 5 శాతం మందికి కొన్నాళ్లు నత్తి వస్తుంది, ముప్పాతిక మందికి పైగా దానంతట అదే పోతుంది. వస పోసినా పోతుంది, పోయకపోయినా పోతుంది. పేరు వసకొచ్చింది. వసలో ఉండే బీటా ఆసరోన్ అనే పదార్థం వల్లే అమెరికాలో 1968లో దాన్ని ఆహారంలో కలపకూడదన్నారు. ఇక నాలుక కోయడం 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాక్ అనే సర్జన్ చేసి చూశాడు, మత్తు కూడా ఇవ్వకుండా. ఆ పద్ధతి నిలవలేదు.

ఫైనలియర్‌గారూ, మీ డాక్టరుగారు పిచ్చి అనుకుని రాయలేదు. నత్తి ఉన్నవాళ్ల మెదడులో డోపమైన్ అనే రసాయనం పని ఎక్కువగా ఉందనే ఊహ ఒకటుంది. డోపమైన్‌ను అడ్డుకునే మందులను అందుకే ప్రయత్నిస్తారు. మొదట హాలోపెరిడాల్ వాడారు. ఒళ్లు బిగుసుకుపోయి, చేతులు వణికి చాలామంది మానేశారు. ఓలాంజపైన్ మీద 2004లో వచ్చిన అధ్యయనంలో కొంత మెరుగు కనిపించింది. కానీ అందులో ఉన్నది పాతిక మంది లోపే, చూసింది 12 వారాలే. నత్తికి పనిచేస్తుందేమోనని పరీక్షించిన పాగోక్లోన్ అనే మందు ఆశలు రేపి చివరికి మార్కెట్‌కే రాలేదు. నత్తికని ఏ మందుకూ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వలేదు.

మొదటిసారి ఈ మాత్ర వేసుకుని, మగత దిగకముందే ఇంటర్వ్యూకి వెళ్లడం నాకు నచ్చడం లేదు. వాడదలిస్తే ముందు షుగర్, కొలెస్ట్రాల్, బరువు చూపించుకోండి. మొదలుపెట్టాక సొంతంగా ఆపకండి.

రాత్రిషిఫ్ట్:
మేడమ్, బెజవాడలో కూర్చుని చెప్పడం తేలిక. మాది ఆసిఫాబాద్ వైపు. మాత్ర బదులు స్పీచ్ థెరపీకి వారానికో సిట్టింగ్ అంటే బస్సులోనే ఒక రోజు పోతుంది. పైగా థెరపీ గదిలో గలగలా మాట్లాడి బయటికొచ్చాక మళ్లీ మొదటికే వచ్చినవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. థెరపీ జారిపోతే "సాధన చేయలేదు" అని మమ్మల్నే అంటారు. మాత్ర పనిచేయకపోతే కనీసం తప్పు మాత్రదే!

స్పీచ్‌థెరపిస్టు_బెజవాడ:
ఆ చివరి మాటకు నా దగ్గర జవాబు లేదు. మా వృత్తిలో ఆ పొరపాటు జరుగుతోంది. పెద్దయ్యాక మిగిలిన నత్తిని పూర్తిగా పోగొడతామని చెప్పేవాళ్లను నేనూ నమ్మను. ఆన్‌లైన్ సిట్టింగులు ఉన్నాయి, ద ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ స్వయం సహాయక బృందాలూ ఉన్నాయి, వాటికి బస్సెక్కక్కర్లేదు.

కానీ తమ్ముడు పెసరట్టు సంగతి మొదట్లోనే చెప్పాడు. ఇడ్లీ అన్నప్పుడు అతనికి నత్తి రాలేదు, అయినా ఆ పూట నత్తే గెలిచింది. ఓలాంజపైన్ ఆ "ప" దగ్గర పట్టు సడలిస్తుందేమో. మాట మార్చేసే మూడేళ్ల అలవాటును మాత్రం మాత్ర తీయదు. ఇంటర్వ్యూలో మొదటి వాక్యమే "నాకు నత్తి ఉంది, ఒకట్రెండు చోట్ల ఆగుతాను" అని చెప్పి చూడండి. దాచాల్సిన పని పోతే సగం టెన్షన్ దిగుతుంది.

రాత్రిషిఫ్ట్:
అలా చెప్పాక హెచ్ఆర్ మార్కులు తగ్గించడని మీరు రాసిస్తారా?

స్పీచ్‌థెరపిస్టు_బెజవాడ:
రాసివ్వలేను.

ఫైనలియర్:
ఇద్దరికీ థాంక్స్. డాక్టరుగారిని మళ్లీ కలిసి, ఇంటర్వ్యూలు అయ్యాక మొదలుపెడితే కుదురుతుందా అని అడుగుతాను. రక్త పరీక్షలకు అమ్మ ఒప్పుకుంది, చీటీ మాత్రం ఇంకా ఇవ్వలేదు. ఈ రోజు బండి దగ్గర "ఉప్మా పెసరట్టు" అన్నాను. ముందు "ఉ" వస్తుంది కాబట్టి జారుడుబండలా వెళ్లిపోయింది.

స్పీచ్‌థెరపిస్టు_బెజవాడ:
అదీ తప్పించుకోవడమే బాబూ :)

ఫైనలియర్:
తెలుసండీ. కానీ తిన్నాను.