ఇంటర్నెట్ ‘శాంక్షన్స్’: ఆంక్షలా, వెలియా, ఇంకేదైనానా?

ప్రశ్న (తిరుపతి)

ఒక సాంకేతిక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘ఇంటర్నెట్ శాంక్షన్స్’ వచ్చినచోట ‘ఆంక్షలు’ అని రాసి ముందుకు పోదామంటే మనసొప్పడం లేదు. గరుడసేవ నాడు ఘాట్ రోడ్డులో బైకులకు పెట్టేవీ ఆంక్షలే. పైవాళ్లు పెడతారు, మనం పాటిస్తాం. ఇక్కడి సంగతి వేరు.

2022 ఫిబ్రవరి చివర్లో ఉక్రెయిన్ ప్రభుత్వం రష్యా సైట్ల పేర్ల చివర వచ్చే ‘.ఆర్‌యూ’ డొమైన్‌ను రద్దు చేయమని, ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థను అడిగింది. రష్యా సంస్థల ఐపీ అడ్రసులు (నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ను గుర్తించే నంబర్లు) వెనక్కి తీసుకోమని, ఆ ప్రాంతానికి వాటిని కేటాయించే రైప్ ఎన్‌సీసీనీ అడిగింది. రెండూ కుదరదన్నాయి. మార్చి 10న బిల్ వుడ్‌కాక్‌తో పాటు కొందరు నెట్‌వర్క్ నిపుణులు, మరికొందరు కలిసి ఒక బహిరంగ లేఖ రాశారు. దేశాన్నంతా తెగ్గొడితే దెబ్బతినేది మామూలు జనం. సైన్యం, ప్రచార సంస్థల అడ్రసులు మాత్రం జాబితాగా ప్రకటిద్దాం, ఇష్టమున్న నెట్‌వర్కులు దాన్ని వాడుకుంటాయి అన్నది అందులో సారాంశం. చెత్త మెయిళ్లు పంపే అడ్రసులను చేర్చే స్పామ్ జాబితాలు ఎప్పటినుంచో నడుస్తున్నదీ ఇలాగే. ఎవరూ ఎవరికీ హుకుం జారీ చేయరు. నాకు ‘వెలి’ అనే మాట తోస్తోంది. ఏమంటారు?

జవాబు (చిత్తూరు)

పద్ధతి వరకు దగ్గరే అన్నా. వెలేసినవాణ్ణి ఎవరూ కొట్టరు, తిట్టరు. నిప్పూ నీళ్లూ ఇవ్వరు, చాకలి రాడు, మంగలి రాడు. నెట్‌వర్కులు కూడా అంతే, జాబితాలోని అడ్రసు నుంచి ప్యాకెట్ (డేటా ముక్క) వస్తే అవతలికి అందించకుండా పారేస్తాయి. తమిళంలో ‘వెళి’ అన్నా బయట అనే, మన సరిహద్దోళ్లకు చెప్పక్కర్లేదు.

మా వీధి కేబుల్ నెట్‌లో చాలా ఇళ్లకు బయటికి కనబడే అడ్రసు ఒకటే. ఒక లాడ్జి కంప్యూటర్‌కు వైరస్ పట్టి రాత్రంతా స్పామ్ పంపింది. తెల్లారేసరికి ఆ అడ్రసు ఒక జాబితాకెక్కింది. అదే లైన్ మీద సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్న ఆడిటర్ ఆఫీసు మెయిళ్లన్నీ తిరిగొచ్చేశాయి. అసలే రిటర్నుల సీజన్, వాళ్ల టెన్షన్ మామూలుగా లేదు. లాడ్జివాళ్లు వైరస్ తీయించాక, నెట్ ఆపరేటర్ జాబితావాళ్లకు అర్జీ పెడితే తీసేశారు. ఊళ్లోనూ తప్పు కట్టిస్తే కలుపుకునేవాళ్లు కదా.

జవాబు (శ్రీకాళహస్తి)

తమ్ముడూ, నువ్వు చెప్పిన కథలోనే చిక్కుంది. తప్పు లాడ్జిది, శిక్ష ఆడిటర్‌ది. వెలి కూడా అంతే, ఒకరి పేరు చెప్పి ఇంటిల్లిపాదినీ వేస్తారు. ఆ లేఖ రాసినవాళ్లు వద్దన్నది సరిగ్గా దాన్నే.

పైగా అది ఊరికే దొర్లించే మాట కాదు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి గెంటేసిన దళిత విద్యార్థులు తమ నిరసన శిబిరానికి ‘వెలివాడ’ అని ఎందుకు పెట్టుకున్నారో గుర్తుందా? దళితులను, ఆదివాసీలను సాంఘికంగా, ఆర్థికంగా బహిష్కరిస్తే నేరమని 2015 సవరణతో అట్రాసిటీ చట్టంలోనే చేర్చారు. అలాంటి మాటను మంచి ఉద్దేశంతో చేసే పనికి తగిలిస్తే చదివేవాళ్లలో కొందరికి గుచ్చుకుంటుంది. నేనైతే వాడను.

ప్రశ్న వేసినవారు

అక్కా, రెండు రోజులాలోచిస్తే ‘సహాయ నిరాకరణ’ తట్టింది. 1920లో గాంధీ పిలుపుకు మన పెద్దలు కట్టిన మాట. ఎవరికి వారు, ఇష్టపూర్వకంగా, ఫలానా అధికారానికి మాత్రం సాయపడబోమని చెప్పడం. అక్కడ నిరాకరించింది సర్కారుకే గానీ జనానికి కాదు. లేఖలోని ఆలోచన దాదాపు అదే. మాట పొడుగైందంటారేమో, జాబితాను ‘నిరాకరణ జాబితా’ అంటే సరిపోతుంది.

ఐటీ చట్టం 69ఎ కింద కేంద్రం సైట్లను మూయించేది మాత్రం వేరు, దానికి ‘నిషేధం’ చాలు. అది పైనుంచి దిగే ఆజ్ఞ. అలాంటి ఆజ్ఞలు కూడా ఒక్కోసారి గట్టు దాటతాయి. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపబోయి, ‘యూట్యూబ్ దారి ఇటే’ అని బయటి నెట్‌వర్కులకూ చెప్పేసింది. అవి నమ్మాయి. దాదాపు రెండు గంటలు ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ రాలేదు.

జవాబు (చిత్తూరు)

నిరాకరణ జాబితా బాగుందన్నా. కానీ అందులో ఎవర్ని చేర్చాలో తేల్చే కమిటీని ఏమంటాం? ‘పెద్దమనుషులు’ అంటే అక్క మళ్లీ కోప్పడుతుంది.

జవాబు (శ్రీకాళహస్తి)

కోప్పడతాను మరి. ‘నిర్ణాయక సంఘం’ అని రాయండి. తప్పుగా చేర్చారని అప్పీలు చేసుకునే దారి ఎక్కడుందో కూడా ఆ పక్కనే రాయండి, ఆడిటర్ వెతుక్కోకుండా.